‘రిక్వైర్డ్ రివ్యూస్ కంప్లీటెడ్’ అని చూపించి మళ్లీ ‘అండర్ రివ్యూ’లోకి వెళ్లింది. లోపల ఏం జరుగుతున్నట్టు?

తార్నాక అమ్మాయి:

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లోనే పీహెచ్‌డీ, నాలుగో ఏడు. అల్యూమినా పూత పూసిన బొగ్గుతో బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ తీసేయడం మీద పేపర్ రాశాం. నల్లగొండ వైపు నీళ్లు మనసులో పెట్టుకుని చేసిన పని. జర్నల్‌కి పంపి దాదాపు 17 వారాలైంది. స్టేటస్ వరుస ఇది: ‘విత్ ఎడిటర్’ 12 రోజులు, ‘అండర్ రివ్యూ’ 11 వారాలు, ‘రిక్వైర్డ్ రివ్యూస్ కంప్లీటెడ్’ 6 రోజులు. ఇక నిర్ణయం వచ్చేస్తుందనుకుంటే మళ్లీ ‘అండర్ రివ్యూ’. అప్పట్నుంచి మూడు వారాలుగా కదలిక లేదు.

ఇలా వెనక్కి వెళ్లడం అంటే రిజెక్ట్ చేసే ముందు సూచనా? ఎడిటర్‌కి మెయిల్ పెడితే చిరాకు పడతారా? పంపేటప్పుడు పేపర్‌ని పరిశీలించగల నలుగురు రివ్యూయర్ల పేర్లు అడిగితే గైడ్ సార్ తనకు తెలిసినవాళ్ల పేర్లు చెప్పారు, అందులో ఇద్దరివి జీమెయిల్ ఐడీలే. అది దెబ్బ కొడుతుందా?

ఇంకోటి. ‘5 రోజుల్లో పబ్లికేషన్, 12 వేలు’ అని వేరే జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. థీసిస్ గడువు దగ్గర పడుతోంది. ఇక్కడ విత్‌డ్రా చేసుకుని అక్కడ వేస్తే పోలా అనిపిస్తోంది.

ఉప్పల్ ఎడిటర్:

ఈ 17 వారాలూ మీ పేపర్‌ని ఎవరో చదువుతూ కూర్చున్నారని అనుకోకండి. ఒక రివ్యూయర్ నిజంగా పేపర్ మీద పెట్టేది కొన్ని గంటలు. మిగతా కాలమంతా ఆ కొన్ని గంటలు ఇవ్వడానికి ఒప్పుకునే మనిషి కోసం వెతకడంలోనే పోతుంది. డబ్బు రాదు, పేరు రాదు, పైగా గడువు. ఎవరు మాత్రం ఎగిరి గంతేసి ఒప్పుకుంటారు?

మీ 12 రోజుల ‘విత్ ఎడిటర్’తో మొదలుపెడదాం. పంపగానే పేపర్ మొదట ఎడిటోరియల్ ఆఫీసుకి వెళ్తుంది. అక్కడ చూసేవి చిల్లరగా కనిపించే సంగతులే: లైన్ నంబర్లు ఉన్నాయా, బొమ్మలు స్పష్టంగా ఉన్నాయా (ఫోటోలకి 300 డీపీఐ చాలు, గీతల గ్రాఫులకి అంతకన్నా ఎక్కువ అడుగుతారు), రచయితలందరి వివరాలూ నిండాయా, డేటా ఎక్కడ దొరుకుతుందో చెప్పే వాక్యం ఉందా, మనుషుల మీదో జంతువుల మీదో చేసిన పనైతే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా. ఏదైనా తప్పితే పేపర్ మీ దగ్గరికే తిరిగొస్తుంది. దాన్ని రిజెక్షన్ అనుకుని కంగారుపడేవాళ్లు చాలామంది.

సిమిలారిటీ రిపోర్టు, అంటే ఇప్పటికే అచ్చయినవాటితో మీ రాత ఎంత కలుస్తోందన్న లెక్క, తీసేదీ ఇప్పుడే. థీసిస్‌లకి యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా ఫర్వాలేదన్న లెక్క ఉంది కదా, జర్నల్‌కీ అదే అనుకోకండి. మొత్తం 22 శాతం వచ్చినా అదంతా రిఫరెన్సులూ, పరికరాల పేర్లూ, ఒక్కో చోటి నుంచి తలా ఒక అర శాతమూ అయితే ఎడిటర్ పట్టించుకోడు. మొత్తం 9 శాతమే అయినా ఒకే పేపర్ నుంచి 6 శాతం వస్తే మాత్రం రిపోర్టు తెరిచి చదువుతాడు.

తర్వాత చీఫ్ ఎడిటర్ ఒకసారి చూసి, సబ్జెక్ట్‌కి దగ్గరగా ఉన్న అసోసియేట్ ఎడిటర్‌కి అప్పగిస్తారు. రివ్యూకి పంపకుండానే వెనక్కి కొట్టేది ఇక్కడే, దీన్నే డెస్క్ రిజెక్ట్ అంటాం. పని చెడ్డదై కాదు, ఎక్కువసార్లు జర్నల్‌కి సరిపోకే. నీటి శుద్ధి జర్నల్‌కి పంపి, తొమ్మిది పేజీలు పదార్థం తయారీకీ అర పేజీ నీళ్లకీ ఇస్తే ఎడిటర్ ‘మెటీరియల్స్ జర్నల్‌కి పంపుకోండి’ అంటాడు. మీది ఆ గడప దాటింది.

ఇక 11 వారాల లెక్క. కావలసింది ఇద్దరు రివ్యూయర్లు. ఎవర్ని పిలవాలో మీ రిఫరెన్స్ లిస్టులోంచి, స్కోపస్ అనే పేపర్ల డేటాబేస్ వెతుకులాటలోంచి, మీరిచ్చిన పేర్లలోంచి ఏరతాం. మీతో ఈమధ్య కలిసి పేపర్ రాసినవాళ్లనీ మీ సంస్థవాళ్లనీ పక్కన పెడతాం. ముగ్గురికి ఆహ్వానం వెళ్తుంది. ఒకరు కుదరదంటారు, ఇద్దరు ఉలకరు పలకరు. వారం చూసి మరో ముగ్గురికి. వాళ్లలో ఒకరు ఒప్పుకుంటారు. మరో వారం, మరో ముగ్గురు. ఇద్దరు కుదిరేసరికి ఎనిమిది పది మందికి మెయిళ్లు వెళ్లడం మామూలే, నెల గడిచిపోతుంది. ఒప్పుకున్నవాళ్లకి గడువు మూడు వారాలు. ఒకరు సమయానికి ఇస్తారు. రెండోవారు రిమైండర్ మీద రిమైండర్ వేయించుకుని ఆరో వారంలో ఇస్తారు, లేదా అసలివ్వరు. ఇవ్వకపోతే కథ మళ్లీ మొదటికి.

ఇక్కడ మీ చేతిలో ఉన్నది ఒక్కటే. ఆహ్వానంలో రివ్యూయర్‌కి కనిపించేది టైటిల్, అబ్‌స్ట్రాక్ట్. ఒప్పుకుంటేనే పూర్తి పేపర్ తెరుచుకుంటుంది. ‘అద్భుతమైన సామర్థ్యం చూపింది’ అని అబ్‌స్ట్రాక్ట్‌లో రాస్తే అలాంటివి రోజుకి రెండు చూసేవాడు వద్దని నొక్కేస్తాడు. ‘పీహెచ్ 7 దగ్గర, లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీటిని 1.5 కిందికి తెచ్చింది, ఇన్ని గ్రాముల పొడితో, ఇన్ని నిమిషాల్లో’ అని రాస్తే ఆ రంగంలో పనిచేసేవాడికి చదవాలనిపిస్తుంది. అబ్‌స్ట్రాక్ట్ పాఠకుల కోసం అనుకుంటాం గానీ, మొట్టమొదట అది పనిచేసేది రివ్యూయర్ని పట్టుకోవడానికి.

స్టేటస్ వెనక్కి వెళ్లడం రిజెక్ట్‌కి సూచనేం కాదు. ‘రిక్వైర్డ్ రివ్యూస్ కంప్లీటెడ్’ అంటే ఇన్ని రివ్యూలు చాలని సిస్టమ్‌లో పెట్టుకున్న అంకె నిండింది, అంతే. అప్పుడు ఎడిటర్ రెండూ తెరిచి చూస్తాడు. ఒకరు మైనర్ రివిజన్ అని, ఇంకొకరు రిజెక్ట్ అని రాసి ఉంటారు. లేదా ఒకటి రెండు పేజీలు, ఇంకోటి ‘పేపర్ బాగుంది, ఇంగ్లిష్ సరిచూడండి’ అని రెండు లైన్లు. ఆ రెండు లైన్లని రివ్యూగా లెక్కేసి నిర్ణయం ఇవ్వడం కష్టం. మూడో మనిషిని పిలుస్తాడు, పిలవగానే స్టేటస్ మళ్లీ ‘అండర్ రివ్యూ’ అవుతుంది. మీ విషయంలో జరిగింది ఇదే అయ్యుండాలి.

మెయిల్ పెట్టండి, ఎవరూ ఏమీ అనుకోరు. సిస్టమ్‌లో ఉన్న లింకు ద్వారానే పెట్టండి, చీఫ్ ఎడిటర్ సొంత ఐడీ వెతికి కాదు. మూడు లైన్లు చాలు: మాన్యుస్క్రిప్ట్ నంబర్, పంపిన తేదీ, ‘రివ్యూ ఏ దశలో ఉందో, ఎప్పటికి నిర్ణయం రావచ్చో తెలియజేయగలరు’. థీసిస్ గడువు గురించి పేరా రాయొద్దు. గడువు నెలా తేదీ ఒక్క ముక్కలో చెప్పొచ్చు. అందుకున్న ఎడిటర్ చేసేదల్లా ఆ ఆలస్యం చేస్తున్న రివ్యూయర్‌కి ఇంకో రిమైండర్ నొక్కడం, లేదా ఉన్న రెండిటితోనే తేల్చేయడం. రెండూ మీకు మంచిదే.

ఎల్సెవియర్ జర్నల్ అయితే మీకొచ్చిన మెయిల్‌లో ‘ట్రాక్ యువర్ సబ్మిషన్’ లింకు ఉంటుంది. ఒకసారి తెరిచి చూడండి.

రెండో నంబర్ రివ్యూయర్:

నా పేరు చూసి భయపడొద్దు, కఠినంగా రాసే రివ్యూయర్‌కి రచయితలు సరదాగా పెట్టుకున్న పేరది. చదివేవాడు ఏ వరుసలో చదువుతాడో, ఎక్కడ ఆగుతాడో చెప్తాను. ఫ్లోరైడ్ పేపరే కాబట్టి దాంతోనే.

అబ్‌స్ట్రాక్ట్ తర్వాత చూసేది ఇంట్రడక్షన్ కాదు, బొమ్మలూ పట్టికలూ. అక్కడ ఏం చూపించారో తెలిశాక, ఎలా కొలిచారో చూడ్డానికి మెథడ్స్. ఇంట్రడక్షన్ చివర్లో. ఫ్లోరైడ్ ప్రపంచవ్యాప్త సమస్య అని ఒకటిన్నర పేజీ రాస్తారు చూడండి, దాన్ని ఎవరూ చదవరు.

మీ పేపర్‌లో చూపు మొదట ఆగే చోటు: ఫ్లోరైడ్‌ని దేంతో కొలిచారు? అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో అయితే, టీసాబ్ బఫర్ (కొలిచే ముందు నీటిలో కలిపి పీహెచ్‌ని స్థిరంగా ఉంచే ద్రావణం) కలిపారా, ఏ రకం కలిపారు? ఎందుకంటే ఎలక్ట్రోడ్ చూసేది స్వేచ్ఛగా ఉన్న ఫ్లోరైడ్ అయాన్‌ని మాత్రమే. మీ పూతలోంచి కొంచెం అల్యూమినియం నీళ్లలోకి దిగితే అది ఫ్లోరైడ్‌ని గట్టిగా పట్టుకుంటుంది. ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉంటుంది, ఎలక్ట్రోడ్‌కి కనిపించదు. మీరేమో ‘96 శాతం తొలగింది’ అని రాసేస్తారు. ఆ పట్టు విడిపించడానికే సీడీటీఏ అనే రసాయనం కలిసిన టీసాబ్ వాడతారు. అందుకని మెథడ్స్‌లో ‘టీసాబ్ కలిపాము’ అని వదిలేస్తే అల్యూమినా పేపర్‌కి అది చాలదు. ఏ రకం, ఎంత నిష్పత్తిలో, కలిపాక పీహెచ్ 5 నుంచి 5.5 మధ్య ఉందా, అన్నీ రాయాలి. దాంతోపాటు శుద్ధి చేసిన నీళ్లలో అల్యూమినియం ఎంతుందో కొలిచి ఇవ్వాలి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో అల్యూమినియానికి లీటరుకు 0.03 మిల్లీగ్రాములే, వేరే నీళ్లు దొరకనప్పుడు 0.2 దాకా. ఫ్లోరైడ్ తీసేసి అల్యూమినియం తాగిస్తే ఏం లాభం?

రెండోది, ప్రయోగం ఏ నీళ్లతో. డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ కలిపి చేసిన ఫలితం బోరు నీళ్లలో నిలబడదు. అక్కడ బైకార్బొనేట్ ఉంటుంది, పీహెచ్ పెరుగుతుంది, ఫాస్ఫేట్ ఉంటే అదీ చోటు కోసం పోటీ పడుతుంది. ఒక్క ఊరి బోరు నీటితోనైనా చేసి ముందూ తర్వాతా పూర్తి విశ్లేషణ ఇవ్వాలి.

మూడోది, లాంగ్‌ముయిర్ గరిష్ఠ సామర్థ్యం, అంటే పొడి పూర్తిగా నిండేదాకా ఎంత పట్టగలదో ఒక సూత్రంతో కట్టే లెక్క. లీటరుకు 100 మిల్లీగ్రాముల దాకా గాఢత పెంచి, గ్రాముకి ఇంత పట్టిందని పెద్ద అంకె చూపిస్తారు. మీ నీళ్లలో ఉండేది మూడో ఐదో. ఆ గాఢత దగ్గర ఎంత పడుతుందన్నదే పనికొచ్చే అంకె. పెద్ద అంకెతో పోలిక పట్టిక చేసి మేమే గొప్ప అంటే పట్టిక తీసేయమంటాను. ఎర్రర్ బార్లు (కొలతకీ కొలతకీ వచ్చిన తేడా చూపే గీతలు) లేని గ్రాఫు, ‘ప్రతి ప్రయోగం మూడుసార్లు’ అన్న వాక్యం రెండూ ఒకే పేపర్‌లో కనిపిస్తే అడక్క తప్పదు.

రివ్యూ ఫారంలో రెండు పెట్టెలుంటాయి. ఒకటి రచయితలకి, ఒకటి ఎడిటర్‌కి మాత్రమే. రెండో పెట్టె మీకు కనిపించదు. ‘గణాంకాల భాగం నా పరిధి కాదు, వేరేవాళ్లకి చూపించండి’ లాంటివి అక్కడ రాస్తారు. మీకు మెత్తగా రాసి అక్కడ రిజెక్ట్ అని రాసేవాళ్లూ ఉన్నారు. నా దృష్టిలో అది పిరికితనం, దానివల్లే ‘కామెంట్స్ బాగున్నాయి కదా, రిజెక్ట్ ఎందుకైంది’ అని రచయితలు తల పట్టుకుంటారు. యాక్సెప్ట్, మైనర్, మేజర్, రిజెక్ట్ అని రివ్యూయర్ నొక్కేది సలహా మాత్రమే. ఎడిటర్ ఓట్లు లెక్కపెట్టడు, కారణాలు చూస్తాడు.

రివ్యూ చేయలేని పనీ ఒకటుంది. రివ్యూయర్ మీ ల్యాబ్ నోట్‌బుక్ చూడడు, ప్రయోగం మళ్లీ చేయడు. మీరిచ్చిన అంకెలు నిజమేనని నమ్మి, వాటి నుంచి మీరు చెప్తున్నది వస్తుందా లేదా అని మాత్రం చూస్తాడు. ‘పీర్ రివ్యూ అయింది కాబట్టి సత్యం’ అనుకోవడం ఎంత తప్పో, ‘రివ్యూలో దొంగ డేటా పట్టుకోలేదు కాబట్టి దండగ’ అనడమూ అంతే తప్పు.

తార్నాక అమ్మాయి:

ఇద్దరికీ చాలా థాంక్స్. ట్రాక్ లింకు తెరిచాను. పూర్తయిన రివ్యూలు ‘2+’, ఒప్పుకున్నవాళ్లు ‘2+’ అని ఉంది. ఉప్పల్ ఎడిటర్ గారు చెప్పినట్టు మూడో మనిషి కోసమే అయ్యుంటుంది.

జీమెయిల్ సంగతి ఎవరూ చెప్పలేదు. టీసాబ్ సంగతి రేపు నోట్‌బుక్ చూసి చెప్తాను, కొంచెం గుబులుగా ఉంది.

ఉప్పల్ ఎడిటర్:

జీమెయిల్ ఉన్నంత మాత్రాన మీ పేపర్ని అనుమానించరు, ఆ ఇద్దర్నీ పిలవకపోవచ్చు, అంతే. ఈ జాగ్రత్త వెనక పెద్ద గొడవలున్నాయి. నిజమైన ప్రొఫెసర్ పేరు పెట్టి, తామే తెరిచిన మెయిల్ ఐడీ ఇచ్చి, తమ పేపర్‌కి తామే రివ్యూ రాసుకున్నవాళ్లు దొరికారు. 2014లో జర్నల్ ఆఫ్ వైబ్రేషన్ అండ్ కంట్రోల్ 60 పేపర్లు వెనక్కి తీసుకుంది. మరుసటి ఏడు బయోమెడ్ సెంట్రల్ 43. 2017లో ట్యూమర్ బయాలజీ ఒక్కటే 107. అప్పట్నుంచి సంస్థ ఇచ్చిన మెయిల్ ఐడీ గానీ, ఓర్కిడ్ అనే పరిశోధకుల గుర్తింపు నంబర్ గానీ, సంస్థ వెబ్‌సైట్‌లో ఆ మనిషి పేజీ గానీ లేకపోతే ఆ పేరుని ముట్టుకోరు.

గైడ్ గారికి తెలిసినవాళ్లు అన్నారు. తెలిసి ఉండటం తప్పు కాదు, చిన్న రంగాల్లో అందరూ అందరికీ తెలుసు. కలిసి పేపర్ రాశారా, ఒకే గ్రాంటులో ఉన్నారా, ఒకరి దగ్గర ఒకరు పీహెచ్‌డీ చేశారా? అలాంటివేమన్నా ఉండి చెప్పకపోతే తప్పు. వచ్చేసారి పేర్లు ఇచ్చేటప్పుడు మీ రిఫరెన్స్ లిస్టులో చివరి మూడు నాలుగేళ్ల పేపర్లు చూడండి. అవి రాసినవాళ్లలో వేరే వేరే దేశాలవాళ్లని, మరీ పెద్ద పేరున్న ప్రొఫెసర్ల కన్నా అప్పుడప్పుడే సొంత ల్యాబ్ పెట్టుకున్నవాళ్లని ఇవ్వండి. ఒప్పుకునేదీ, శ్రద్ధగా చదివేదీ వాళ్లే. ఫలానావారు వద్దు అని రాసే చోటు కూడా ఉంటుంది. అక్కడ ఒకరిద్దర్ని, కారణం చెప్పి రాయొచ్చు. పదిమందిని రాస్తే ఎడిటర్‌కి అనుమానం వస్తుంది.

శేరిలింగంపల్లి సుద్దముక్క:

చెల్లె, రివ్యూలొచ్చినంక ఏం జెయ్యాల్నో గూడ ఇప్పుడే చూస్కో. మేజర్ రివిజన్ అని వస్తె పరేషాన్ కాకు, అది మంచి వార్తనే. మొదటి రౌండ్‌లనే సీదా యాక్సెప్ట్ అయ్యేటియి శానా తక్కువ.

జవాబు లెటర్ పేపర్ లెక్కనే పాణం పెట్టి రాయాలె. రివ్యూయర్ రాసిన ప్రతి మాట, ఉన్నదున్నట్టు కాపీ జెయ్యి. ఒక్క పేరాల మూడు ప్రశ్నలుంటె మూడు ముక్కలు జేసి 2.1, 2.2, 2.3 అని నంబర్లెయ్యి. కింద నీ జవాబు, దాని కింద పేపర్ల మార్చిన వాక్యం, పేజీ నంబర్, లైన్ నంబర్. ‘సరిచేసినం’ అని ఒక్క ముక్క రాసి ఇడిస్తె ఆయన 30 పేజీలల్ల ఎక్కడని దేవులాడాలె? దేవులాడడు, కోపానికొస్తడు. లైన్ నంబర్లు మార్పులు చూపించే ఫైల్‌లయా, శుభ్రం ఫైల్‌లయా అన్నది గూడ మీదనే రాయి. రెండిట్ల నంబర్లు వేరే వేరే ఉంటయి, గీడనే అందరు బోల్తా పడ్తరు.

టీసాబ్ ముచ్చటే వచ్చిందనుకో. ‘రివ్యూయర్ గారు చెప్పింది నిజం. ఇన్ని శాంపిళ్లు సీడీటీఏ ఉన్న బఫర్‌తోని మళ్ల కొలిచినం, తొలగింపు ఇంత నుంచి ఇంతకు తగ్గింది, పట్టిక 3 మార్చినం, అబ్‌స్ట్రాక్ట్‌ల అంకె గూడ మార్చినం’ అని రాయాలె. తగ్గిందని దాచిపెట్టకు. తగ్గిన అంకె ఒప్పుకున్నోని మీద నమ్మకం పెరుగుతది.

ఒప్పుకోనిది ఉంటె ఒప్పుకోకు, గని కారణం జెప్పు, వీలైతె ఒక లెక్కనో గ్రాఫో జోడించు. ప్రయోగం అడిగిండ్రు, మిషిన్ లేదు అనుకో, ‘ఇది చెయ్యలేం, అందుకని ఫలానా వాక్యంల మేం చెప్పుకున్నది తగ్గించినం’ అని రాయి. శానాసార్లు గదే సరిపోతది. రివ్యూయర్ తన పేపర్లే అయిదారు సైట్ జెయ్యమని రాస్తె, పనికొచ్చేది ఉంటె పెట్టు, మిగిలినయి ఎందుకు పెట్టలేదో ఎడిటర్‌కు మర్యాదగ చెప్పు. గట్ల బలవంతం జేసుడు తప్పని వాళ్లకు గూడ ఎరుకనే.

కోపం వస్తది, వస్తె రెండు రోజులు పక్కకు పెట్టు. ఐన్‌స్టీన్ అంతటోనికే వచ్చింది. 1936ల ఫిజికల్ రివ్యూ ఎడిటర్ జాన్ టేట్, ఐన్‌స్టీన్ పేపర్‌ను వేరేటోనికి చూపించిండు. చూసినాయన తప్పుందని రాసిండు. నన్నడగకుండ ఎట్ల చూపిస్తరని ఐన్‌స్టీన్ పేపర్ వాపస్ తీస్కొని వేరే జర్నల్‌కిచ్చిండు. అచ్చుల వచ్చేటాళ్లకు పేపర్ ముగింపే మారిపోయింది, ఎందుకంటె తప్పు నిజంగనే ఉండె.

గడువు మేజర్‌కు మామూలుగ రెండు నెల్లు ఇస్తరు. చాలకపోతె గడువు అయిపోకముందే అడుగు, ఇస్తరు. అయిపోయినంక అడిగితె కొత్త సబ్మిషన్ అంటరు, మళ్ల మొదటి నుంచి.

లైబ్రరీ కౌంటర్:

5 రోజులు, 12 వేలు అన్న మెయిల్ గురించి ఎవరూ రాయలేదు. ఉప్పల్ ఎడిటర్ గారి లెక్కే తీసుకోండి: ఒక్క బ్యాచ్ ఆహ్వానాలకి జవాబు రావడానికే వారం. 5 రోజుల్లో రివ్యూ అయిపోయి అచ్చవుతుందంటే రివ్యూ జరగడం లేదనే అర్థం. రచయిత నుంచి ఫీజు తీసుకోవడం మాత్రం తప్పు కాదు, ఓపెన్ యాక్సెస్ మంచి జర్నళ్లూ తీసుకుంటాయి. తేడా ఏమిటంటే అక్కడ ఫీజు సంగతి పేపర్ యాక్సెప్ట్ అయ్యాక వస్తుంది, ఎంతన్నది మొదట్నుంచీ సైట్‌లో రాసి ఉంటుంది.

మెయిల్‌లో ‘స్కోపస్ ఇండెక్స్‌డ్’ అని ఉంటే ఆ జర్నల్ సైట్‌లోని లోగో చూసి నమ్మకండి. స్కోపస్ సోర్సెస్ పేజీకి మీరే వెళ్లి ఐఎస్ఎస్ఎన్ నంబర్ (జర్నల్ గుర్తింపు సంఖ్య) కొట్టండి. పేరు కొడితే అదే పేరున్న వేరే జర్నల్ రావచ్చు. వచ్చిన పేజీలో కవరేజీ ఏ సంవత్సరం దాకా ఉందో చూడండి. 2021 దగ్గర ఆగిపోతే ఇప్పుడు అందులో లేదని అర్థం. నకిలీ సైట్లు ఇంకో బెడద. అసలు జర్నల్ పేరూ ఐఎస్ఎస్ఎన్ రెండూ ఎత్తుకుని వేరే చిరునామాలో దుకాణం తెరుస్తారు. అందుకని స్కోపస్ పేజీలో అచ్చయినట్టు చూపించే తాజా పేపర్ ఒకటి తీసుకుని దాని డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత లింకు) నొక్కండి, ఏ సైట్ తెరుచుకుంటుందో అదీ అసలుది. మీకు మెయిల్‌లో వచ్చిన చిరునామా అది కాకపోతే అక్కడితో వదిలేయండి.

ఇవి ఎక్కడో దూరాన ఉన్న బెడదలు కావు. హైదరాబాద్ నుంచే నడిచిన ఒక ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేస్తే, రివ్యూ జరగకుండానే జరిగిందని చెప్పుకున్నారనీ ఫీజులు దాచారనీ తేల్చి, 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది.

యూజీసీ కేర్ లిస్టులో, అంటే యూజీసీ ఒప్పుకున్న జర్నళ్ల జాబితాలో ఉందా అని ఇంకా అడుగుతున్నారు. ఆ లిస్టుని 2025 ఫిబ్రవరిలో ఆపేశారు, జర్నల్ మంచిచెడ్డలు చూసుకునే పని ఇప్పుడు సంస్థలదే. పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి అన్న షరతుని కూడా యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. కానీ మీ విశ్వవిద్యాలయం సొంత షరతు పెట్టుకుని ఉండొచ్చు. ఆ కాగితం తెచ్చుకుని ‘పబ్లిష్డ్’ అని ఉందా, ‘యాక్సెప్టెడ్’ అని ఉందా, కేవలం ‘కమ్యూనికేటెడ్’ (జర్నల్‌కి పంపితే చాలు) అని ఉందా చూడండి. ఆ ఒక్క మాట మీద మీ తొందరెంతో తేలుతుంది.

విత్‌డ్రా చేయకుండా రెండో చోట పంపడం మాత్రం పొరపాటున కూడా వద్దు. విత్‌డ్రా అడిగినా, తీసేశామని రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా పేపర్ ఇంకా మొదటి జర్నల్‌లో ఉన్నట్టే. ఒకే రివ్యూయర్‌కి రెండు జర్నళ్ల నుంచీ మీ పేపరే వెళ్తే, ఇద్దరు ఎడిటర్లకీ అదే రోజు తెలిసిపోతుంది.

తార్నాక అమ్మాయి:

విశ్వవిద్యాలయం కాగితంలో ‘యాక్సెప్టెడ్’ చాలని ఉంది. 12 వేల మెయిల్ తీసేశాను. ఎడిటర్‌కి మూడు లైన్ల మెయిల్ పెట్టాను.

నోట్‌బుక్ చూశాను. టీసాబ్ వేశాం, కానీ ల్యాబ్‌లో మేమే కలుపుకున్నది. ఉప్పు, ఎసిటిక్ యాసిడ్, సోడియం హైడ్రాక్సైడ్ అంతే. సీడీటీఏ లేదు. శుద్ధి చేసిన నీళ్ల శాంపిళ్లు కొన్ని పాలిథిన్ సీసాల్లో ఫ్రిజ్‌లో ఉన్నాయి. ఇప్పుడేం చేయాలి? ఎడిటర్‌కి ఇప్పుడే చెప్పాలా?

రెండో నంబర్ రివ్యూయర్:

గాజు సీసాలు కాకపోవడం అదృష్టం. ఫ్లోరైడ్ గాజుకి అంటుకుని ఇంకో తలనొప్పి తెచ్చేది.

ముందు కొలవండి, తర్వాత చెప్పడం. ఉన్న శాంపిళ్లలో తక్కువ పీహెచ్‌లో చేసినవాటిని మొదట తీయండి, అల్యూమినియం ఎక్కువ దిగేది అక్కడే. ప్రతిదాన్నీ రెండు భాగాలు చేసి ఒకదానికి మీ పాత బఫర్, ఇంకోదానికి సీడీటీఏ ఉన్నది, సమానంగా కలిపి ఒకే రోజు, ఒకే ఎలక్ట్రోడ్‌తో చదవండి. స్టాండర్డ్ ద్రావణాలకి కూడా ఏ బఫర్‌తో కొలిచేవాటికి ఆ బఫరే కలపాలి, లేకపోతే పోలిక చెడుతుంది. శాంపిల్ పాతది కాబట్టి రెండు మూడు ప్రయోగాలు కొత్తగా కూడా చేయండి. మిగిలిన నీటిని, అల్యూమినియం ఎంతుందో చూడ్డానికి, లోహాలు కొలిచే ఐసీపీ యంత్రానికి ఇవ్వండి. మీ ల్యాబ్‌లో లేకపోతే ఛార్జీ తీసుకుని చేసిపెట్టే ల్యాబులు నగరంలో ఉన్నాయి.

రెండు రీడింగులూ ప్రయోగపు తేడాలోపే ఉంటే ఆ పట్టికని సప్లిమెంటరీలో (పేపర్‌తో పాటు ఇచ్చే అదనపు ఫైల్‌లో) పెట్టడానికి సిద్ధంగా ఉంచుకోండి, రివిజన్‌లో పంపొచ్చు. తేడా పెద్దదై, లీటరుకు 1.5 దాటిపోయి పేపర్‌లో చెప్పిన ముఖ్యమైన మాటే నిలబడకపోతే మాత్రం రివ్యూ కోసం ఆగొద్దు. గైడ్ గారితో మాట్లాడి అదే వారం ఎడిటర్‌కి రాయండి: కొలతలో లోపం కనిపించింది, సరిచేసిన అంకెలు ఇన్ని రోజుల్లో ఇస్తాం, రివ్యూ ఆపమంటారా, పేపర్ వెనక్కి తీసుకోమంటారా అని.

తార్నాక అమ్మాయి:

సీడీటీఏ స్టోర్స్‌లో లేదు. రేపు ఇండెంట్ పెడతాను. రీడింగులు వచ్చాక ఇక్కడే పెడతాను.